చేసినవారి సంతకం

నోటరీ గారు గౌడవెల్లి రైలుగేటు దగ్గర ఇరుక్కుపోయారట, గంట పడుతుందట, అంతవరకూ కూర్చోండి మేడం, కాఫీ పంపిస్తాను అని చెప్పి లాయరు ప్రణయ్ ఫోను చెవికి ఆనించుకుని బయటికి పోయాడు. కాఫీ మాత్రం రాలేదు. రాదని నాకు తెలుసు, ఇవాళ క్యాంటీను లత సెలవు. సరే, కూర్చున్నాను. కూర్చోవడం నాకు కొత్తా ఏమిటి, కానీ ఈ మీటింగు గదిలో ఒక్కదాన్నే ఎప్పుడూ కూర్చోలేదు. పన్నెండు కుర్చీలు, నేనొక్కదాన్ని, బల్ల మీద నాలుగు పేజీల అఫిడవిట్టు, పక్కన ఇంకో కాగితం, నా ఉద్యోగానికి రెండేళ్ల పొడిగింపు ఉత్తర్వు, దాని మీద ఎమ్డీ హర్ష సంతకం కూడా అయిపోయింది, తేదీ ఒక్కటే ఖాళీ. బయట శామీర్‌పేట ఎండ మాడ్చేస్తోంది, ఇక్కడేమో ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గోడ అవతల రెండో నంబరు డ్రయ్యరు తిరుగుతోంది, దాని ఫ్యాను బేరింగు పోతోందని ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను, ఎవడు వింటాడు. ఇరవై రెండేళ్లు ఈ గోడ అవతలే గడిపిన మనిషిని, శబ్దం వింటే చాలు ఏ యంత్రం మీద ఎవరున్నారో చెప్పేస్తాను. ఇప్పుడున్నది కొత్తవాడు, తలుపు దబ్బున వేస్తాడు. ఇదివరకు దాని మీదున్న ముత్తయ్య అలా వేసేవాడు కాదు, అరచేత్తో ఆపి వేసేవాడు, లోపల పసిబిడ్డ పడుకున్నట్టు.

అఫిడవిట్టు ఇంగ్లీషులో ఉంది కానీ నా బుర్ర దాన్ని తెలుగులోనే చదువుతోంది. అమ్మాజీ అనే నేను, వయసు యాభై ఎనిమిది, ఉత్పత్తి విభాగం మేనేజరును, ప్రమాణం చేసి చెప్పేదేమంటే, కాల్షియం మాత్రల కోసం తడిపిన పిండిని రెండు విడతలుగా ఆరబెట్టే పద్ధతిని నేనే కనిపెట్టాను, అది మా కంపెనీ రహస్యం, ఎర్రోళ్ల ముత్తయ్య అనే కార్మికుడు దాన్ని నా దగ్గర నేర్చుకుని, మేడ్చల్‌లో ఇంకో ఫ్యాక్టరీలో చేరి, అక్కడ వాళ్లకి చేసిపెడుతున్నాడు. అంతే. నాలుగు పేజీల్లో ఉన్నది ఈ ఒక్క ముక్కే. దీని కింద నేను సంతకం పెడితే కోర్టు నుంచి ఆపుదల ఉత్తర్వు తెస్తారు, ఆ ఫ్యాక్టరీవాళ్లు మాకెందుకొచ్చిన గొడవ అని ముత్తయ్యని గేటు బయట నిలబెడతారు, ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు. పెట్టకపోతే గేటు బయట నేనుంటాను. ఎర్రోళ్ల అట ఇంటిపేరు, చూడు, తొమ్మిదేళ్లు కలిసి పనిచేసి ఇవాళ లాయరు కాగితంలో తెలిసింది నాకు. సిగ్గు లేకపోతే సరి. మిగతాదంతా నిజమే, ఇంటిపేరు నిజం, మేడ్చల్ నిజం, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదే తిరగబడింది.

అతనొచ్చిన రెండో ఏడు, మార్చి నెల. మాత్రలు విరిగిపోతున్నాయి. విరగడం కూడా కాదు, మిషను నుంచి బాగానే వస్తాయి, డబ్బాలో పోసేసరికి పైపొర మూతలా ఊడి పడుతుంది. ఒకటా రెండా, బ్యాచ్‌లకి బ్యాచ్‌లు పారబోశాం. పెద్దాయన వెంకటరామయ్య గారు, అప్పుడాయన ఇంకా వస్తుండేవారు, రోజూ పొద్దున్నే నా బల్ల ముందు నిలబడి ఏమమ్మా ఏమమ్మా అనేవారు. నేనేమో ఎమ్మెస్సీ గోల్డ్ మెడలిస్టుని, జిగురు మార్చాను, ఒత్తిడి మార్చాను, ఊరికే మార్చాను, ఏదీ కుదరలేదు. నిద్ర లేదు, తిండి లేదు. ఆ మధ్యాహ్నం డ్రయ్యరు గదిలో ముక్కాలి పీట మీద కూలబడి ఏడ్చినంత పనిచేశాను, ఏడ్చానేమో కూడా. ముత్తయ్య ట్రేలు దించుతూ చూడనట్టే చూశాడు. తర్వాత అన్నాడు, "మేడం, ఒక్క మాటంటె కోపం జెయ్యరు గద. వడ్లు ఒక్కపారే ఎర్రటెండల ఎండవోస్తె బియ్యం నూకైతది. మేం సగం ఎండంగనే కుప్పజేసి కప్పుతం. లోపటి తడి మెల్లగ బయటికొస్తది. మల్లా ఎండవోస్తం. గప్పుడు గింజ ఇరగదు. గిది గూడ గంతేనేమో."

కోపం వచ్చింది. అబద్ధమెందుకు, మొదట కోపమే వచ్చింది. వడ్లకీ మాత్రలకీ సంబంధమేమిటయ్యా అని కసిరాను కూడా. అతను ట్రేలు తోసుకుంటూ పోయాడు. సాయంత్రం దాకా ఆ మాట నన్ను వదల్లేదు. నాకు తెలీని సంగతి కాదే, పైన ఎండిపోయి లోపల తడి మిగిలిపోతే పగులుతుంది, పుస్తకంలో ఉన్నదే, కానీ పుస్తకం తెరిచి చూపించడానికి గౌడవెల్లి నుంచి ఒక మనిషి రావలసివచ్చింది. మర్నాడు ఇద్దరమే ఒక చిన్న బ్యాచ్ చేశాం. సగం ఆరాక ట్రేలు తీసి, పిండి కుప్ప పోసి, శుభ్రమైన గుడ్డ కప్పాం. ఎంతసేపు అని నేను గడియారం చూస్తుంటే అతను గుడ్డ కింద చెయ్యి పెట్టి చూశాడు, ఇంకా కాలే మేడం, ఇంకా కాలే, అని, చివరికి ఇగ తియ్యుండ్రి అన్నాడు. నేను రాసుకున్నాను, రెండు గంటల పది నిమిషాలు. ఆ మాత్రలు గోడకేసి కొట్టినా పగల్లేదు. ముత్తయ్య పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను, నోటికి కట్టుకున్న గుడ్డల్లోంచి మా నవ్వులు ఏదోలా వినిపించాయి. ఆ ఫ్యాక్టరీలో నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాతదే నా నిర్వాకం. బ్యాచ్ రికార్డులో ప్రతి పనికీ ఎదురుగా రెండు గళ్లుంటాయి, చేసినవారు, చూసినవారు. రాయనిది జరగనట్టే లెక్క మా మందుల ఫ్యాక్టరీల్లో, ప్రతిదానికీ సంతకం కావాలి. అయితే కాంట్రాక్టు మనుషులు సంతకం పెట్టకూడదు. వాళ్లు మోస్తారు, ఎత్తుతారు, ఊడుస్తారు అని మాత్రమే కాగితాల్లో ఉంటుంది, మందు ముట్టుకుంటారని రాస్తే వాళ్లని పర్మనెంటు చెయ్యాలి, ఆ గోల ఎవరికి కావాలి. అందుకని ముత్తయ్య చేస్తాడు, చేసినవారు అన్న గడిలో నేను సంతకం పెడతాను. చుట్టుపక్కల ఎన్నిచోట్ల ఇలా జరుగుతుందో నాకు తెలీదు, మా దగ్గర మాత్రం ఇదే పద్ధతి, దీన్నెవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు, పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు అలవాటుగా పెట్టేసేదాన్ని. కొత్త పద్ధతి రాసేటప్పుడూ అంతే, కనిపెట్టినవారు అని ఒక గీత ఉంటే దాని మీద నా పేరు రాశాను. చెయ్యి ఆగలేదు. ఒక్క క్షణం ఆగిందని చెప్పుకోవాలనుంది, ఆగలేదు. వార్షికోత్సవంలో శాలువా కప్పారు, ఫోటో తీశారు. ముత్తయ్య వెనక వరసలో కుర్చీలు వేస్తున్నాడు. చప్పట్లు కొట్టాడు కూడా, నేను చూశాను.

మా తమ్ముడు భాస్కర్ తణుకు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, ఇంకా ఎందుకే అక్కా ఆ ఉద్యోగం, వచ్చెయ్యి అంటాడు. వస్తే ఏం చెయ్యను రా, మీ ఆవిడ సీరియళ్లు చూస్తుంటే పక్కన కూర్చోనా. పెళ్లి కుదిరినప్పుడల్లా ఏదో ఒక ఆడిట్టు అడ్డమొచ్చింది, నవ్వులాటకి అలా చెబుతుంటాను, నిజం అది కాదు, నిజం ఎవరికీ అక్కర్లేదు. బహదూర్‌పల్లి ఫ్లాటులో మూడు గదులు, రెండు గదుల్లో దీపమే వెయ్యను. ఎదురింటివాళ్లకి నా పేరు తెలీదు, ఫ్యాక్టరీ మేడం అంటారు. పేరు చెబితే మాత్రం, ఏ ఆశ్రమం అండీ అని అడుగుతారు, మా గోదావరి వైపు ఇంటికొక అమ్మాజీ ఉంటుందని వీళ్లకి ఎలా చెప్పను. ఆదివారాలు ఉన్నాయే, అవి నన్ను చంపుతాయి. సోమవారం తెల్లారితే బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మయ్య అనుకుంటాను. రెండేళ్లు పొడిగిస్తే ఇంకో నూరు సోమవారాలు. హర్షకి ఈ సంగతి తెలుసు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంకటరామయ్య గారి చెయ్యి పట్టుకుని వచ్చి నా బల్ల మీద బొమ్మలు గీసేవాడు, ఇప్పుడు ఎమ్డీ. "ఆంటీ, మీరు లేకుండా ఈ ప్లాంటేంటి? చిన్న సంతకమే కదా," అన్నాడు నిన్న. ఆంటీ అని పిలిచేవాడు ఈ ఊళ్లో నాకు వీడొక్కడే. ఆ సంగతీ వీడికి తెలుసు.

ముత్తయ్య చేతివేళ్లు తెగినప్పుడు మాత్రం ఎవరూ ఎవరినీ ఏ వరసా పెట్టి పిలవలేదు. పిండి జల్లించే మిల్లులో కుడిచేతి రెండు వేళ్లు కణుపు దాకా పోయాయి. హెచ్ఆర్ వాళ్లు కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, మీ మనిషి, మీరే చూసుకోండి, మాకు సంబంధం లేదు అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా చేతిలో ఆ రోజు బ్యాచ్ రికార్డు ఉంది, జల్లించే పనికి ఎదురుగా చేసినవారు అన్న గడిలో నా సంతకం అప్పటికే పెట్టేసి ఉంది. నా వేళ్లు చూసుకున్నాను, పదీ ఉన్నాయి. నోరు తెరిస్తే నా సంతకం అబద్ధమవుతుంది, మూసుకున్నాను. ఆదివారం పళ్లు పట్టుకుని గౌడవెల్లి వెళ్లాను, ఎవరికీ చెప్పకుండా. రేకుల ఇల్లు, ముందు రెండు గేదెలు. వాళ్లావిడ బాలనర్సమ్మ పీట వేసి, సర్వపిండి పెట్టి, ఎదురుగా కూర్చుని నన్నే చూస్తూ అడిగింది, "మేడం, మీ పుస్తకాలల్ల ఈయన పేరుంటదా? నేను లేకుంట ఆడ పని నడువదని అంటడు. ఉంటదా మరి?" ముత్తయ్య, ఊకో నర్సమ్మా, మేడంను పరేషాన్ జెయ్యకు అన్నాడు కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ. నేను సర్వపిండి మింగి, ఉంటుందమ్మా అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. 

పోయిన దసరాకి కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన వేళ్లు సరిగ్గా లేనివాళ్లని తీసుకోనన్నాడు. ముత్తయ్య టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, పోయొస్త మేడం అని చెప్పి పోయాడు. మేడ్చల్‌లో చిన్న ఫ్యాక్టరీ ఒకటి అతన్ని పనిలోకి తీసుకుంది, అక్కడా మాత్రలు పగిలితే, అతను తనకి తెలిసిందే చేశాడు, అవి నిలబడ్డాయి, ఆ మాట ఆ నోటా ఈ నోటా మావాళ్ల చెవిన పడింది. ఇప్పుడు మావాళ్లకి ముత్తయ్య హఠాత్తుగా మా మనిషైపోయాడు. పొద్దున ప్రణయ్ ఎంత ఓపిగ్గా చెప్పాడో. "మేడం, ఉద్యోగం మానేసినవాణ్ని ఇంకో చోట పని చెయ్యొద్దని చట్టం ఆపనివ్వదు. పైగా అతను మన రోల్స్ మీద లేడు, రహస్యం కాపాడతానని రాసిచ్చిన కాగితమూ లేదు. పేటెంటు తీస్తే పద్ధతి లోకానికి చెప్పాల్సొస్తుందని మనం తియ్యలేదు. ఇక మిగిలింది ఒక్కటే, మన రహస్యం ఎత్తుకుపోయాడని చెప్పడం. అది మనదేనని చెప్పే మనిషి కావాలి. మీరే." వేళ్లు పోయినప్పుడు మన మనిషి కాదన్నారుగా బాబూ అని అడిగాను. "అది లేబర్ లా మేడం, ఇది వేరే," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా. బాగా చదువుకున్నాడు.

ఎంతసేపైందో, పదకొండున్నర. ఊరికే కూర్చోలేక అఫిడవిట్టు వెనక గుచ్చిన కాగితాలు తిప్పాను. నా శాలువా ఫోటో, నా సంతకాల జిరాక్సులు, పేజీకి నాలుగు చొప్పున, అమ్మాజీ, అమ్మాజీ, అమ్మాజీ. అన్నిటికంటే వెనక ఒక రూళ్ల కాగితం, తెలుగులో. కంపెనీ పంపిన నోటీసుకి ముత్తయ్య ఇచ్చిన జవాబు. గుండ్రటి అక్షరాలు, కూతురు ప్రియాంక రాసుంటుంది, ఇంటర్ చదువుతోంది. 'అయ్యా, నేను ఏమీ దొంగిలించలేదు. సగం ఆరినంక కప్పి మళ్లీ ఆరబెట్టే పని మా అమ్మాజీ మేడం నాకు నేర్పింది. ఎక్కడైనా చేసుకొని బతకమన్నది. నా మాట నమ్మకపోతే ఆమెను అడగండి. ఆమె ఏం చెప్పినా నాకు సమ్మతం.' కింద వంకర సంతకం, రెండు వేళ్లు లేని చేతిది.

అయ్యో, ఎందుకన్నావయ్యా ఆ మాట! ఎవరడిగారు నిన్ను? వడ్ల దగ్గర నేర్చుకున్నానని, మా అయ్య చేసేవాడని, నిజం రాస్తే సరిపోయేది కదా, వడ్లు ఆరబెట్టడం ఎవడబ్బ రహస్యం, కేసు అక్కడే కూలిపోయేది. ప్రణయ్ పొద్దున ఎందుకంత హుషారుగా ఉన్నాడో ఇప్పుడర్థమైంది, అతనే ఒప్పేసుకున్నాడు మేడం అంటే వేరే ఏదో అనుకున్నాను. కొత్తచోట నా ఆలోచన అంటే ట్రే కూడా ముట్టుకోనివ్వరు, మా మేడం చెప్పిందంటే సరే చేసి చూడు అంటారు, అందుకన్నావా? లేకపోతే ఇన్నేళ్లూ ఆడిటరు వచ్చిన ప్రతిసారీ నీ ముందే నేను, నా పద్ధతి, నా పద్ధతి అంటుంటే విని విని నీకూ అదే నిజమైపోయిందా? ఎక్కడైనా చేసుకుని బతకమని నేనెప్పుడన్నాను? అనలేదు. ఆ మంచిమాట కూడా నువ్వే కల్పించి నా నోట్లో పెట్టావు. మా ఇద్దరికీ తెలుసనుకున్న నిజాన్ని అతను వదిలేసుకున్నాడు, ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నేను సంతకం పెడితే కాదనేవాడు భూప్రపంచంలో లేడు. ఇంత భద్రమైన అబద్ధం ఎవరికి దొరుకుతుంది! నాకు భయమేసింది. ఫ్లాటులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఎవరైనా వస్తే బావుండును, ఎవరో ఒకరు, ఆ తలుపు దబ్బున వేసేవాడైనా సరే.

తలుపు తెరుచుకుంది. నోటరీ గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు, సంచిలోంచి రిజిస్టరు, ముద్రలు, సిరాపెట్టె తీసి బల్ల మీద పరిచారు. గూడ్సుబండమ్మా, కదిలితే ఒట్టు అన్నారు. ప్రణయ్ పేజీలు సర్ది నా ముందుకి జరిపాడు. నోటరీ గారు ముద్ర సిరాలో అద్దుతూనే, నావైపు చూడకుండానే అడిగారు, "చదువుకున్నారా అమ్మా? ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"కాదండీ," అన్నాను.

ముద్ర గాల్లోనే ఆగిపోయింది. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు, ఆ ప్రశ్నకి ఆ జవాబు ఎప్పుడూ విని ఉండరు పాపం. చెప్పాను. పొందిగ్గా ఏమీ చెప్పలేదు, వడ్ల సంగతి, నేను కసిరిన సంగతి, గుడ్డ కింద చెయ్యి పెట్టిన సంగతి, అన్నీ కలగాపులగంగా చెప్పాను. ప్రణయ్ నా సంతకాల జిరాక్సులు తీసి ముందు పెట్టాడు. "మేడం, మరి చేసినవారు అన్న గడిలో తొమ్మిదేళ్ల సంతకాలు మీవే. అవి అబద్ధమంటారా?" అన్నాడు. అబద్ధమే, తెలిసే పెట్టాను అన్నాను. "ఈ మాట బయట అనకండి, మొత్తం మీ మెడకే చుట్టుకుంటుంది." చుట్టుకోనీ, ముత్తయ్య తరఫు లాయరుకి కూడా ఇదే రాసిస్తాను, అతనికి లాయరు లేకపోతే నేనే ఒకర్ని పెడతాను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాసేపటికి హర్ష వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "మీరు ఇంటికెళ్లండి అమ్మాజీ గారూ," అన్నాడు. ఆంటీ అనలేదు. ప్రణయ్ కాగితాలు సర్దుతూ ఆ పొడిగింపు ఉత్తర్వు కూడా తన ఫైల్లోనే పెట్టేసుకున్నాడు. అందరూ వెళ్లిపోయారు, మళ్లీ పన్నెండు కుర్చీలూ నేనూ.

ఫోను చేశాను. రెండో షిఫ్టుకి మేడ్చల్ పోతూ దారిలో బండి ఆపాడు, వెనక లారీల మోత. "మేడం, మంచిగున్నరా? సంతకం వెట్టమంటున్నరట గద. వెట్టుండ్రి, నా గురించి ఫికర్ జెయ్యకుండ్రి, ఏదన్న కూలిపని జూసుకుంట," అన్నాడు, నేను నోరు తెరవకముందే. పెట్టలేదు ముత్తయ్యా, నువ్వే నాకు చెప్పావని, వడ్ల సంగతి అంతా చెప్పేశాను అన్నాను.  ఫోను కట్టయిందేమోనని చెవి నుంచి తీసి చూశాను, కాలేదు.

"గా దినం ముచ్చట మీకు యాదున్నదా మేడం?" అన్నాడు చివరికి, మెల్లగా. "నేను మర్శిండ్రనుకున్న. పెద్దోళ్లు, నూరు పనులుంటయి, మర్శిపోయిండ్రు, గందుకే మీ పేరు జెప్పుకుంటుండ్రనుకున్న. నర్సమ్మ లొల్లి వెడితె గూడ గదే జెప్పిన, మేడం కావాలని జెయ్యలే, మర్శింది అని."

ఇన్నేళ్లూ నాకోసం ఆ ఒక్క సాకు దాచి ఉంచాడు. అవును ముత్తయ్యా, మర్చిపోయాను, ఇవాళే గుర్తొచ్చింది అంటే చాలు, అతను నమ్ముతాడు, సంతోషిస్తాడు, మేడం మేడం అంటూ ఎప్పటిలాగే నాతో మాట్లాడతాడు. నాతో మాట్లాడే మనిషి ఒకడు మిగులుతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మర్చిపోలేదు ముత్తయ్యా," అన్నాను. "ఒక్క రోజు కూడా మర్చిపోలేదు."

లారీలు పోతూనే ఉన్నాయి. 

"మంచిది మేడం. డ్యూటీ టైమైతాంది," అని ఫోను పెట్టేశాడు.